రాఘవమ్మకు రెండో పెళ్ళి

తడి పంచె తొడలకు అతుక్కుపోయింది, దర్భ ఉంగరం వేలిని కోస్తోంది, నా ఎడమపక్క వరసలో కూర్చున్నవాళ్ళ ముందు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ శాస్త్రిగారు ఇటే వస్తున్నారు. గోత్రం అడుగుతున్నారు, తండ్రి పేరు, తాత పేరు, తల్లి పేరు అడుగుతున్నారు, వాళ్ళు తడుముకోకుండా చెబుతున్నారు, నువ్వులూ నీళ్ళూ కలిసి వాళ్ళ బొటనవేళ్ళ పక్కనుంచి జారి కృష్ణలో పడుతున్నాయి. ఎంత తేలిక, పేరు చెప్పడం, నీళ్ళు వదలడం, లేచి పోవడం. ఆయన నా దగ్గరికొచ్చి తల్లి పేరు అడిగేలోగా నేనొకటి తేల్చుకోవాలి. మా అమ్మ పేరు రాఘవమ్మ అని బుద్ధెరిగిన నాటినుంచీ చెబుతున్నాను, ఏటా తద్దినానికి రాఘవమ్మ పేరుతోనే పిండం పెట్టాను, అది మా అమ్మ పేరు కాదు. అమ్మ పోయి ముప్పై ఏళ్ళు. ఇన్నేళ్ళూ నేను పెట్టిన అన్నం ఎవరు తిన్నట్టు?

మహాలయ అమావాస్య, బెజవాడ రేవులన్నీ జనం. నాన్న పోయి ఏడాది దాటింది కనక ఈ సంవత్సరం నుంచి ఈ పని నాది. ఆనకట్ట మీద నీళ్ళు దూకుతున్న మోత చెవిలో కాదు, పళ్ళలో వినపడుతోంది. వంతెన మీద సోల్జర్ల రైలుబండి పోతోంది, ఎంత పొడుగుందో, పోతూనే ఉంది, యుద్ధంలో చచ్చేవాళ్ళ పేర్లన్నీ ఎవరు రాసుకుంటున్నారో, ఎవరి అన్నం ఎవరికి పోతోందో. కాకులు నా ముందు మెట్టుమీద వాలాయి. నన్ను చూడటంలేదు, నా భుజం మీదనుంచి వెనక్కి చూస్తున్నాయి. వెనక మెట్లమీద మా ఆవిడ వెంకటరావమ్మ ఉంది, మేనత్త నాంచారమ్మ ఉంది, వాళ్ళని చూస్తున్నాయనుకుంటే సరిపోతుంది. సరిపోవటం లేదు. కాకులు ఇంకా దగ్గరగా చూస్తున్నాయి, నా వీపుకి జానెడు దూరంలో.

ఇదంతా నిరుటి జనాభా లెక్కలతో మొదలైంది. కూచిపూడికి ఇవతల మా ఊళ్ళో స్కూలు మాస్టర్నని నన్నే వేశారు. ఇంటింటికీ తిరిగి పేరు, వయసు, కులం, వృత్తి రాయాలి. మగవాణ్ణి పెళ్ళాం పేరు అడిగితే దూలం వైపు చూస్తాడు, ఆడదాన్ని మొగుడి పేరు అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంది, చివరికి పక్కింటామె గోడమీదనుంచి తొంగి ఇద్దరి పేర్లూ చెబుతుంది, నేను రాసుకుంటాను. సర్కారువారి లెక్క సగం పక్కింటివాళ్ళ నోటి మాటే. అట్లా తిరుగుతూ మా నేతవాళ్ళ వీధిలో ఒక ఇంటికి వెళ్తే, రెండో సంబంధంగా వచ్చిన పిల్ల గుమ్మంలో నూలు కండెలు చుడుతోంది. నీ పేరేమిటమ్మా అన్నాను. మెళ్ళోకి చెయ్యి పోనిచ్చి, పుస్తెల పక్కనున్న బిళ్ళని రెండు వేళ్ళతో పట్టుకుని, దాన్ని చూసి, అడిగినట్టుగా చూసి, అప్పుడు ఒక పేరు చెప్పింది. పక్కింటామె ఊరుకుంటుందా, "అది పోయినామె పేరు మాస్టారూ. ఈ పిల్లకి పుట్టింటి పేరు వేరే ఉంది, దాంతో ఇక్కడ పనేముంది? అదే రాసుకోండి" అంది. రాసుకున్నాను. రాస్తూ రాస్తూ కలం ఆపాను. ఎక్కడో ఆ రెండు వేళ్ళు, ఆ బిళ్ళ, ఆ చూపు నాకు బాగా తెలిసినవి, నేను ఆ చూపు కింద ఒళ్ళో పడుకుని పాలు తాగినవాణ్ణి.

మొదటి భార్య పోయి రెండో ఆమెని తెచ్చుకుంటే మా వాళ్ళల్లో పోయినామె బొమ్మ చెక్కించిన బంగారు బిళ్ళ ఒకటి రెండో ఆమె మెళ్ళో వేస్తారు, సవతి బిళ్ళ అంటారు. కొత్త చీర కడితే ముందు దానికి తాకించాలి, పండగపూట పిండివంట ముందు దానికి చూపించాలి. చాలా ఇళ్ళలో అంతటితో సరి. కొన్ని ఇళ్ళలో భయం ఎక్కువై పేరు కూడా తగిలిస్తారు, పోయినామె తాను పోలేదనుకోవాలి, తన పేరు పెట్టి పిలుస్తుంటే తానే వంటింట్లో తిరుగుతున్నాననుకోవాలి, కొత్తదాని జోలికి రాకూడదు. అమ్మ మెళ్ళో ఉండేది ఆ బిళ్ళ. నిద్రలో నా చెంపకి తగిలేది, వేసవిలో కూడా చల్లగా, అమ్మ ఒళ్ళంతా వెచ్చన, అక్కడొక్కచోటే చల్లన. అరిగిపోయి ముక్కూ మొహం లేని ఆడమనిషి బొమ్మ, రెండు చేతులు మటుకు స్పష్టంగా ఉండేవి. అన్నం కలుపుతూ మొదటి ముద్ద ఆకు చివర పెట్టి "అక్కకి" అనేది. నేను ఆ ముద్దకి చెయ్యి చాస్తే చిన్న దెబ్బ వేసేది. ఏ అక్క, ఎక్కడి అక్క, నేనెప్పుడైనా అడిగానా? నాన్న గుంట మగ్గంలో కూర్చుని "రాఘవమ్మా, కండెలు" అని కేకేస్తే అమ్మ ఒక్క క్షణం అట్లాగే ఉండి, ముందు పోవాల్సినవాళ్ళకి దారి ఇచ్చినట్టు కాస్త పక్కకి తొలిగి, అప్పుడు లేచేది. నాకది అమ్మ నడకే అనుకున్నాను. కలరా వచ్చిన ఏడు అమ్మ పోయింది. తాళి తీసి నాన్న చేతిలో పెట్టారు, పుస్తెలు రెండూ ఉన్నాయి, బిళ్ళ లేదు. చాప కింద, దిండు కింద వెతికారు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వెతకటం మానేశారు.

కరణం వెంకటప్పయ్యగారి అటకమీద పాత లెక్కల నకళ్ళు ఉన్నాయని నాకు తెలుసు. కొత్త లెక్కలు సరిచూసుకోవాలని వంక పెట్టి దింపించాను. చెదలు తిన్నంత తినగా మిగిలిన కట్టలు, మా ఇంటి వరస రెండుచోట్ల దొరికింది. పంతొమ్మిది వందల ఒకటిలో మా నాన్న పాండురంగయ్య, భార్య రాఘవమ్మ, వయసు ఇరవై రెండు, పుట్టిన చోటు కృష్ణా జిల్లా. పదేళ్ళ తర్వాత పాండురంగయ్య, భార్య రాఘవమ్మ, వయసు ఇరవై నాలుగు, పుట్టిన చోటు గోదావరి జిల్లా. మా నాన్నకి పదేళ్ళు పెరిగాయి, అత్తకి పదేళ్ళు పెరిగాయి, కొత్తగా నేను వచ్చి కూర్చున్నాను, నా వయసు ఆరు. రాఘవమ్మ రెండేళ్ళే పెరిగింది, పుట్టిన ఊరు మారింది. వెంకటప్పయ్యగారు పొడుం పీల్చి, "ఆడవాళ్ళ వయసు సంగతి సర్కారుకి మాత్రం తెలియదా మాస్టారూ, అంతే పెరుగుతుంది" అని నవ్వారు. నేనూ నవ్వాను. వయసు తప్పు చెబుతారు, నేను రాసినవాటిల్లో ఎన్ని తప్పులున్నాయో నాకు తెలియదా, కాని పుట్టిన జిల్లా ఎవరు మార్చి చెబుతారు? ఇంటికొచ్చి నాన్నని అడిగాను. అప్పటికే మంచం పట్టి ఉన్నాడు, చేతులు ఊరికే, మగ్గంలో పోగు తోసినట్టు, లేని నాడెని అటూ ఇటూ తోస్తుండేవి. "అమ్మ పేరేమిటి నాన్నా, మా అమ్మ, నన్ను కన్నామె?" చేతులు ఆగాయి. "రాఘవమ్మేరా" అన్నాడు, తర్వాత నా వెనక తలుపువైపు చూసి గొంతు పెంచి, ఎవరికో వినపడాలన్నట్టు, "రాఘవమ్మే, ఇంకెవరుంటారు" అన్నాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆ వేసవే పోయాడు.

మా స్కూల్లో లాజరు మాస్టారని గుణదల మనిషి, కేతలిక్కు, ఆయనతో చెబితే "మా గుడిలో అయితే పుట్టినా, పెళ్ళాడినా, పోయినా పెద్ద పుస్తకంలో ఎక్కిస్తారండీ. మీరు అగ్నిని సాక్షిగా పెట్టుకుంటారు, అదేమో ఆరిపోతుంది" అన్నాడు. ఆ హాస్యంలోనుంచే నాకు దారి దొరికింది. మా నేతవాళ్ళ గుడిలో కూడా పెళ్ళిళ్ళ పుస్తకం ఒకటి ఉంది, ప్రతి పెళ్ళికీ దేవుడికి ఒక పంచెల చాపు ఇవ్వాలి, ఇచ్చినట్టు రాస్తారు, వరుడు ఎవరు, వధువు ఎవరు, ఎవరి కూతురు. నాన్న పేరు పట్టుకుని వెతికాను. మొదటి పెళ్ళి దొరికింది: పెడన పుల్లయ్య కూతురు రాఘవమ్మ. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ నాన్న పేరు, దాని కింద మళ్ళీ పెడన పుల్లయ్య కూతురు రాఘవమ్మ. అదే తండ్రి, అదే కూతురు, అదే మొగుడు, ఇంకో చాపు. చచ్చిపోయిన పిల్ల లేచొచ్చి, తల స్నానం చేసి, పసుపు బట్టలు కట్టుకుని, అదే మగవాడి పక్కన పీటలమీద కూర్చుంది, పుస్తకంలో అంతే ఉంది. సంగతి నాకు తెలుసు, కూతురు పోయిన తలిదండ్రులు రెండో ఆమెని తమ కూతురుగా ఎంచి తామే కన్యాదానం చేస్తారు, దిక్కులేని పిల్ల అయితే మరీనూ. పెడన తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడే, మనవడా అనేవాడే. ఆయన నా కాలిమీద చెయ్యి వేసి ఎవర్ని తడుముకున్నాడో. సంగతి తెలిసినా ఆ పుస్తకం మూసి లేవలేకపోయాను. ఎక్కడ చూసినా ఒకటే పేరు, అమ్మ ఎక్కడా లేదు. లెక్కల్లో లేదు, పెళ్ళిలో లేదు, నా నోట్లో లేదు. పోయినవాళ్ళు మిగిల్చిపోయేది పేరే, అమ్మకి ఉన్నప్పుడే అది లేకుండా చేశారు.

శాస్త్రిగారు ఇంకో మనిషి ముందుకు జరిగారు. ఇద్దరే ఉన్నారు నాకు ముందు. రాఘవమ్మ అనేస్తే ఏం పోతుంది, అలవాటైన నోరు. ముప్పై ఏళ్ళు తిన్నది ఆమే కదా, పిల్లలు లేకుండా పోయిన ఇరవై రెండేళ్ళ మనిషి, ఆమెకి పెట్టేవాళ్ళు ఎవరున్నారు, ఏడాదికి ఒకపూట నేను పెడుతున్నాను, వచ్చి తిని పోతోంది. పక్కన మా అమ్మ విస్తరి ముందు కూర్చుని, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తూ, ఇంకొకరు లేచి పోతుంటే పక్కకి తొలిగి దారి ఇస్తూ. ముప్పై తద్దినాలు. ఒక మనిషి ఆకలితో అన్నేళ్ళు కూర్చుంటే మొహం ఎట్లా అవుతుంది? నాకు అమ్మ మొహం గుర్తులేదు, బిళ్ళమీద అరిగిపోయిన మొహమే గుర్తుంది. నీళ్ళలోకి చూస్తే కృష్ణ ఎర్రగా ఉంది, ఏమీ కనపడదు, నా నీడ పడిన చోట మాత్రం నీళ్ళు కొంచెం నల్లగా ఉన్నాయి, నీడ నా ఒక్కడికి ఎక్కువ వెడల్పుగా ఉంది.

నిన్న బందరు కాలవలో పడవమీద వస్తుంటే అత్తని మళ్ళీ అడిగాను. ఇదివరకు ఎన్నిసార్లు అడిగినా "నాకు గుర్తులేదురా, నేను చిన్నదాన్ని" అని తప్పించుకునేది. నిన్న మాత్రం "రేపు నీళ్ళు వదిలేది నేను కదత్తా, ఎవరికి వదులుతున్నానో తెలియకుండా ఎట్లా వదలను?" అంటే గట్టువైపు మొహం తిప్పుకుంది. లాకు దగ్గర పడవ ఆగింది, తలుపుల వెనక నీళ్ళు పైకి లేస్తుంటే మెల్లగా మొదలుపెట్టింది.

"ఇట్లాంటి పడవలోనే తెచ్చారు దాన్ని. గోదావరి వైపునుంచి ఎవరో సంతకి వస్తూ తెచ్చారు, అమ్మా అయ్యా లేరన్నారు. నాకు పదేళ్ళు. నా పక్కలోనే పడుకునేది. ఒకరోజు కాలవకి నీళ్ళకి పోయినప్పుడు, ఎవరూ లేకుండా చూసి, నన్నొకసారి నా పేరు పెట్టి పిలువు నాంచారూ అంది. ఏం వదినా అంటే, ఊరికే, ఎట్లా ఉంటుందో వినాలని ఉంది అంది. చెవిలో చెప్పింది. పిలిచాను."

"పలికిందా?"

"పలకలేదు. చుట్టూ చూసింది. తర్వాత కూర్చుని ఏడ్చింది."

"ఏమని పిలిచావత్తా?"

అత్త నావైపు తిరిగింది. "నీ కూతురి బారసాలకి బియ్యంలో పేరు రాయించింది ఎవరు? మేనత్తలు లేరు, నువ్వు రాయించమంటే నేనేగా రాయించింది. నువ్వు రాఘవమ్మ అని పెడదామన్నావు. నేను పడనివ్వలేదు. శ్రీశైలం మొక్కుందని అబద్ధం చెప్పాను."

నాగమల్లేశ్వరి. తొమ్మిదేళ్ళ పిల్ల. రోజుకి వందసార్లు పిలుస్తాను, నాగమల్లేశ్వరీ అన్నానికి రా, నాగమల్లేశ్వరీ దీపం పెట్టు. భయం వేయలేదా అత్తా, ఆ పేరు ఇంట్లో వినపడితే మొదటామె ఊరుకోదనేగా నాన్న అంత జాగ్రత్తపడింది అన్నాను. అత్త పెదవి విరిచింది. "తీసుకుపోవాల్సినదాన్ని తీసుకుపోయిందిగా. ఇంకా ఆ పేరుతో దానికి పనేముంది?" అంది. అన్న తర్వాత కొంగు తలమీదుగా లాక్కుంది, ఎండ లేదు.

వెంకటరావమ్మ విన్నది. పడవలో ఆ మూల కూర్చుని అటుకులు ఏరుతున్నదల్లా విన్నది. రాత్రంతా పటమటలో వాళ్ళ అన్నగారింట్లో పిల్లని పక్కలోకి లాక్కుని పడుకుంది, ఇవాళ రేవుకి తీసుకురానివ్వలేదు, అక్కడే వదిలి వచ్చాం. పొద్దున మెట్లు దిగుతూ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ, అత్తగారు ఆకలితో ఉన్నారంటే నాకు మాత్రం బాధ లేదా. కాని బతికున్న పిల్ల పేరు దక్షిణం తిరిగి నీళ్ళల్లో వదులుతారా? ఎవరు అందుకుంటారో ఏం తెలుసు? మీ ఇంట్లో ఒకరి పేరుకి ఇంకొకరు లేచి వస్తారు." చదువుకున్నవాణ్ణి, నానమ్మ పేరు మనవరాలికి పెట్టడం ఊళ్ళో అందరూ చేసేదే అని చెప్పొచ్చు, ఆ పేరుతో తద్దినాలూ పెడతారు, పిల్లలూ బతుకుతారు. నిజమే. ఆ ఇళ్ళలో ఎవరూ ఎవరి పేరూ లాక్కోలేదు. మా ఇంట్లో లాక్కున్నారు.

శాస్త్రిగారి నీడ నామీద పడింది. గోత్రం చెప్పాను. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు, మూడుసార్లు మూడుసార్లు నీళ్ళు పడ్డాయి. "ఇక మాతృదేవత. అమ్మగారి పేరు?"

వెనకనుంచి గాలి ఆగిపోయింది. ఆనకట్ట మోత కూడా ఆగిందనుకున్నాను, ఆగలేదు, దూరంగా జరిగింది. పిల్ల పటమటలో ఈ వేళకి చద్దన్నం తింటుంటుంది, పెరుగు మూతికి పూసుకుని. అమ్మ ముప్పై విస్తళ్ళ ముందు. అరచేతిలో నువ్వులు గింజ గింజా కనపడుతున్నాయి.

"నాగమల్లేశ్వరి" అన్నాను.

ఆయన దాన్ని సంస్కృతంలోకి తిప్పి స్వధా నమస్తర్పయామి అన్నారు, నేనూ అన్నాను, మూడుసార్లు. ఏమీ జరగలేదు. నీళ్ళు నీళ్ళలాగే పడ్డాయి, నది నదిలాగే తీసుకుంది. నాకు ఆకలి అని తెలిసింది, ఎన్నాళ్ళనుంచో ఉన్న ఆకలి. వెనక గాజులు గలగలమన్నాయి. "నేను పటమట పోతున్నా, పిన్నిగారూ. పిల్లని చూసుకోవాలి" అంటోంది వెంకటరావమ్మ అత్తతో. "ఉండవే, అయిపోవచ్చింది" అని అత్త అంటుండగానే అడుగులు మెట్లెక్కి జనంలో కలిసిపోయాయి.

నానమ్మకీ ముత్తవ్వకీ వదలడం అయింది. "సవతితల్లి ఉన్నారా? సాపత్నమాత అని ఒక స్థానం ఉంది" అన్నారు శాస్త్రిగారు. ఉంది, ఉందండీ అన్నాను, ఆత్రంగా. ఆమెకీ స్థానం ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, ఒకరిది లాక్కోవలసిన పనే లేదు. నీళ్ళు పట్టాను, ఆయన నువ్వులు వేశారు, పేరు చెప్పడానికి నోరు తెరిచాను. చెయ్యి తేలికయింది. చూసుకుంటే అరచేతిలో నీళ్ళు లేవు, ఒక్క నువ్వుగింజ లేదు. వేళ్ళు మూసే ఉన్నాయి, చెయ్యి వంచలేదు, పేరు ఇంకా నాలుకమీదే ఉంది. అరచెయ్యి పొడిగా ఉంది, నాకినట్టు. శాస్త్రిగారు పంచాంగం తిప్పుతూ చూడలేదు. "కానివ్వండి, కానివ్వండి. తర్వాత మాతామహులు. అమ్మగారి తండ్రిగారి పేరు?"

పెడన పుల్లయ్య అని నోటిదాకా వచ్చింది. రెండు పెళ్ళిళ్ళకీ ఆయనే తండ్రి, భుజాలమీద తిప్పినవాడు, మంచివాడు. ఆయన ఆమె తండ్రి. గోదావరి జిల్లా అని ఒక్క ముక్క తప్ప నాకేం తెలుసు, ఏ ఊరు, ఏ ఇల్లు, ఏ మగ్గం ముందునుంచి లేచి ఎవరు తన కూతురిని నాగమల్లేశ్వరీ అని పిలిచి ఉంటాడో. ఆ లెక్కలు ఏ కరణం అటకమీద ఉన్నాయో, ఏ చెదలు తిన్నాయో.

"తెలియదండీ" అన్నాను, మళ్ళీ చేతినిండా నీళ్ళు పట్టి.

"ఫరవాలేదు. తెలియనివాళ్ళకి శాస్త్రంలో ఒక మాట ఉంది, నేను చెబుతా, మీరు వదలండి" అని ఆయన నువ్వులు వేసి మంత్రం మొదలుపెట్టారు.

నేను చెయ్యి వంచాను. నీళ్ళు పడలేదు, మధ్యలోనే ఎవరో అందుకున్నారు.